చీరలు పంచారు, బాకీ మిగిలింది

సిరిసిల్ల: పాత కరీంనగర్ జిల్లాలోని ఈ మరమగ్గాల పట్టణానికి 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డరే పెద్ద ఆధారమైంది. చీరలు ఊరూరా పంచారు, బిల్లులు మాత్రం ఆగాయి. 2024 జనవరిలో పాత బకాయిలు రాక, కొత్త ఆర్డర్లు లేక చాలా సాంచలు నిలిచిపోయాయి. సొమ్ము ఆ తర్వాత విడతలుగా కదిలింది. సర్కారు యజమానికివ్వకుంటే యజమాని ఆసామికివ్వడు. ఆసామి కార్మికుడికి ఎక్కడి నుంచి తెచ్చివ్వాలి?

చట్టం లేక కాదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం సరుకు అందిన 45 రోజుల్లోగా చెల్లించాలి. రాతపూర్వక ఒప్పందం లేకుంటే 15 రోజులే. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. రిజిస్ట్రేషనున్న యూనిట్లు ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చు. కాని ఏటా ఆర్డరిచ్చే వారిపైనే కేసు వేసేదెవరు?

బీములు తెచ్చుకుని కూలికి నేసే ఆసామి దగ్గరుండేవి చిట్టీలే. తేదీ, సంతకం లేని చిట్టీతో బాకీ రుజువు చేయడం కష్టం. సివిల్ దావాకు గడువు మూడేళ్లు. ఆలోగా బాకీదారు సంతకం చేసి ఒప్పుకుంటే అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు. రేపటి బీము కూడా ఇవ్వాల్సిన సేటును ఆ సంతకం అడగడానికే ఆసామి వెనకాడుతున్నాడు.