అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు ఎకనామిక్స్ చదివి, ఆ క్రెడిట్లతో యూనివర్సిటీలో మూడో ఏడాదిలో చేరేవాళ్లు చాలామంది. మనకేమో కాలేజీ మారాలంటే టీసీ కోసం తిరగడమే సరిపోతుంది. దానికి విరుగుడుగా యూజీసీ 2021 జులైలో తెచ్చిందే ఈ ‘బ్యాంకు’. ఇందులో డబ్బుండదు. పాసైన సబ్జెక్టుల క్రెడిట్లు డిజిటల్ ఖాతాలో జమవుతాయి, గరిష్ఠంగా 7 ఏళ్లు చెల్లుతాయి. శ్రీకాకుళంలో బీఏ రెండో సెమిస్టరులో సూక్ష్మ అర్థశాస్త్రం గట్టెక్కి, ఇల్లు గడవక విశాఖకు పనికెళ్లిన కుర్రాడు, తర్వాత విజయనగరంలో కాలేజీలో చేరి, చదువు ఆపిన చోటి నుంచే అందుకోవచ్చు. చెప్పినంత సులువేం కాదు. రెండు కాలేజీలూ ఈ బ్యాంకులో నమోదై ఉండాలి. సిలబస్ కుదరాలి, సీటు ఖాళీ ఉండాలి. క్రెడిట్లున్నంత మాత్రాన సీటు హక్కు కాదు. వలసలు ఎక్కువున్న ఈ జిల్లాలకు అసలు చిక్కు అక్కడే. మీ క్రెడిట్లు జమయ్యాయో లేదో డిజిలాకర్‌లో ఓసారి చూసుకోండి.