పంచాయతీ తోపు – కర్బనపు లెక్క

పంచాయతీ బంజరులో సరుగుడు నాటవలెనా, టేకు నాటవలెనా యని సభ్యులు మమ్ము అడుగుచుందురు. రాబడి మాట అటుంచి, నేడు ఈ ప్రశ్నకు మరొక ముఖము గలదు. చెట్టు గాలిలోని బొగ్గుపులుసు వాయువును ఆకులతో గ్రహించి, అందలి కర్బనమును మ్రానునందును వేళ్ళయందును నిలువ చేయును. ఎండిన కలప బరువులో రమారమి సగము కర్బనమే. నూరు కిలోల ఎండు కలప ఏర్పడినచో గాలినుండి సుమారు 180 కిలోల వాయువు తగ్గినదని గ్రహింపవలెను. పచ్చికట్టెను తూచి లెక్క వేయరాదు; అందు నీరు మెండు.

సరుగుడు వేగముగా పెరుగును; కోస్తా ఇసుక నేలలలో నాలుగైదేండ్లకే నరుకుదురు. అది వంటచెరకైనచో, పొయ్యిలో మండిన నాడే వాయువు తిరిగి గాలిలో కలియును. కాగితమైనను ఎంతోకాలము నిలువదు. టేకు నిదానముగా ఎదుగును, ఇసుకనేల దానికి తగదు, నీరు నిలువని లోతైన నేల కావలెను. అయినను కేరళలోని నీలంబూరున 1840 దశకములో నాటిన టేకులు కొన్ని నేటికిని నిలిచియున్నవి! కోసిన పిదప కూడ ద్వారబంధముగానో దూలముగానో కర్బనము తరములపాటు దానియందే యుండును.

సరుగుడు వలదని మేము చెప్పుట లేదు. పొయ్యికి చెరకు, పందిరికి వాసములు కావలెను గదా. తోపును ఏటికొక భాగము చొప్పున నరికి, నరికినచోట వెంటనే నాటినచో మొత్తపు నిలువ ఇంచుమించు స్థిరముగ నుండును. నాటుటకై ఉన్న చిట్టడవిని నరికి తగులబెట్టుట మాత్రము తప్పు. ఆ నష్టము పూడుటకు క్రొత్త మొక్కలకు ఏండ్లు పట్టును. అట్టి చోట పొదలను ఉంచి, ఖాళీలలో గుంటలు త్రవ్వి నాటవలెను.