నీళ్లు కారుతున్నా... పొడికన్నే!

‘నీళ్లు ధారగా కారుతుంటే కళ్లు పొడిబారాయంటారేంటి డాక్టర్?’ అని అడిగేవాళ్లు చాలామందే. సందేహం న్యాయమైనదే. కన్ను పొడిబారితే మంట పుడుతుంది. ఆ మంటను ఆర్పడానికి శరీరం ఒక్కసారిగా నీళ్లు వదులుతుంది. అవి చెంపల మీదికి జారిపోతాయి, కంటిని పట్టుకుని నిలవవు.

కంటిని పట్టుకుని ఉండే కన్నీటి పొర వేరు. అడుగున జిగురు, మధ్యలో నీరు, పైన పలచటి నూనె. ఎసరు కుండ మీద మూతలా ఆ నూనె నీటిని ఆవిరి కాకుండా ఆపుతుంది. అది రెప్పల అంచుల్లోని మైబోమియన్ గ్రంథుల నుంచి వస్తుంది. జర్మన్ వైద్యుడు హైన్‌రిష్ మైబోమ్ 1666లోనే వీటి గురించి రాశాడు. నీరు ఊరకపోవడం కంటే ఈ నూనె సరిగా రాకపోవడం వల్లే పొడికన్ను ఎక్కువగా వస్తుంది. అందుకే చుక్కలు ఎన్ని వేసినా చాలామందికి ఊరట నిలవదు. చూసుకోవాల్సింది రెప్పల్ని.

నూనె బయటికి రావాలంటే రెప్ప పూర్తిగా వాలాలి. మామూలుగా నిమిషానికి 15 సార్లు వాలే రెప్ప ఫోను, కంప్యూటర్ ముందు అందులో సగం సార్లే, ఒక్కోసారి ఇంకా తక్కువ సార్లే వాలుతుంది. వాలినప్పుడూ సగమే వాలుతుంది. దానికి తోడు ముఖం మీదికి కొట్టే ఏసీ, బండి మీద ఎదురుగాలి. సాయంత్రానికి ఇసుక పడ్డట్టు గరగర. చదువుతుంటే అక్షరాలు అలుక్కుపోవడం, రెప్పలు కొడితే మళ్లీ తేటపడటం పొడికన్ను ఆనవాళ్లు.

స్క్రీన్ ఒక్కటే కారణం కాదు. నెలసరి ఆగిన ఆడవాళ్లలో, మధుమేహం ఉన్నవాళ్లలో, అలర్జీ మాత్రలు, మొటిమలకు ఐసోట్రెటినాయిన్ వాడేవాళ్లలో ఇది ఎక్కువ. నోరు కూడా ఎండిపోతూ కీళ్లు నొప్పిగా ఉంటే షోగ్రెన్స్ వ్యాధేమో చూపించుకోవాలి.

నన్ను నిజంగా భయపెట్టేది మందుల షాపు దగ్గర జరిగే వైద్యం. ‘కళ్లు ఎర్రబడ్డాయి, ఏవైనా చుక్కలివ్వండి’ అంటే చేతికొచ్చేది స్టిరాయిడ్ కావచ్చు. మంట చప్పున తగ్గుతుంది కాబట్టి మళ్లీ అదే కొంటారు. నెలల తరబడి వాడితే కంట్లో ఒత్తిడి పెరిగి నీటికాసులు రావచ్చు, శుక్లం ముదరవచ్చు. నీటికాసుల వల్ల పోయిన చూపు తిరిగి రాదు. చీటీ లేకుండా స్టిరాయిడ్ చుక్కలు కొనకండి. ఆముదం, తేనె, తల్లిపాలు కూడా కంట్లో వేయకండి.

ఇంట్లో చేయదగిన మంచి పని కాపడం. శుభ్రమైన గుడ్డను ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ముంచి పిండి, మూసిన రెప్పల మీద ఐదు నుంచి పది నిమిషాలు ఉంచాలి. గుడ్డ తొందరగా చల్లారుతుంది, మళ్లీ మళ్లీ ముంచాలి. గట్టిపడిన నూనె కరిగాక పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి మెల్లగా నిమరాలి. ఒకట్రెండు రోజులు చేసి వదిలేస్తే లాభం లేదు, వారాల తరబడి రోజూ చేయాలి.

స్క్రీన్ కంటి ఎత్తు కంటే కాస్త కిందికి ఉంటే రెప్పలు తక్కువ తెరుచుకుంటాయి, ఆవిరీ తగ్గుతుంది. ఇరవై నిమిషాలకోసారి దూరంగా చూస్తూ, రెప్పలు రెండూ కలిసేలా నాలుగైదుసార్లు వాల్చండి. కృత్రిమ కన్నీళ్లు రోజుకు నాలుగుసార్ల కంటే ఎక్కువ అవసరమైతే, ప్రిజర్వేటివ్ లేనివి రాయమని డాక్టర్ని అడగండి.

నొప్పి ఎక్కువగా ఉన్నా, వెలుతురు చూడలేకపోయినా, చూపు తగ్గినా ఇవేవీ చేస్తూ కూర్చోకండి. ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.