సాంబ్రాణి చెట్టు నేర్పు పాఠము



తూర్పు జ్ఞానులు శిశువైన యేసునకు బంగారమును, సాంబ్రాణిని, బోళమును సమర్పించిరని మత్తయి సువార్త 2వ అధ్యాయమువలన మన పిల్లలును ఎరుగుదురు. ఆ సాంబ్రాణికి పూర్వమునుండి పేరుగాంచిన సీమ ఒమాను దేశములోని ధోఫారు. రైసూతు రేవును, సలాలా కొబ్బరి, అరటి తోటలును ఆ సీమలోనివే. 2000 సంవత్సరములో యునెస్కో అచ్చటి సాంబ్రాణి భూమిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది.

పనివాడు ఆ చెట్టు బెరడును కొద్దిగా చెక్కును. పాలవలె కారిన జిగురు కొన్ని దినములకు గట్టిపడును. దానిని తీసి మరల చెక్కును. మితిమీరి చెక్కినచో చెట్టు క్షీణించును.

కానుకల సంగతియు ఇట్టిదే. పండుగ బట్టలకును బొమ్మలకును వడ్డీకి అప్పు తెచ్చు తండ్రి తన బ్రదుకును లోతుగా చెక్కుకొనుచున్నాడు. పండుగ ఒక్క దినము. వడ్డీ పన్నెండు నెలలు. అప్పు తీరువరకు అతడు ఇల్లు చేరలేడు. బిడ్డ కోరునది బొమ్మనా, తండ్రినా?

గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్కచూచుకొనవలెనని ప్రభువు లూకా 14వ అధ్యాయములో బోధించెను. కావున డిసెంబరు 31వ తేదీ రాత్రి ఆరాధనకు మునుపు ఆలుమగలు తమ అప్పెంతయో దాచక చెప్పుకొనవలెను. దూరముననున్నవారు ఫోనులో చెప్పుకొనవచ్చును. పిమ్మట రెండే తీర్మానములు కాగితముమీద వ్రాసికొనుడు. నెలనెలా ఇంత అప్పు తీర్చెదనని భర్తయు, బ్యాంకు పుస్తకమును స్వయముగా చదువ నేర్చుకొందునని భార్యయు వ్రాయవలెను.

ఈ పండుగకు పిల్లలకు ఒక పలకయు ఒక కథల పుస్తకమును చాలును. అప్పు తీరి తండ్రి ఇంటికి వచ్చు దినమే వారికి పెద్ద కానుక.