గుండె జబ్బు, రక్త సూచికలు, మతిమరుపు: ఉద్దానంలో ఎలా చదవాలి?

శరీర బరువులో మెదడు వాటా సుమారు 2 శాతమే. అయినా గుండె పంపే రక్తంలో దాదాపు 15 శాతం దానికే వెళ్తుంది. అందువల్ల గుండె బలహీనపడినప్పుడు ఆయాసం, కాళ్ళ వాపుతో పాటు కొందరిలో మతిమరుపు, లెక్కల్లో తడబాటు కూడా కనిపిస్తాయి. దీనినే గ్రహణశక్తి క్షీణత అంటారు. దీని జాడ రక్త పరీక్షలో దొరుకుతుందా?

ఈ చర్చలో తరచుగా వినిపించే సూచిక ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ. గుండె గోడలు ఒత్తిడికి సాగినప్పుడు అక్కడి కండర కణాల నుంచి ఇది రక్తంలోకి చేరుతుంది. పేరులోని 'బీ' అంటే బ్రెయిన్. 1988లో జపాన్ శాస్త్రవేత్తలు బీఎన్‌పీని మొదట పంది మెదడులో గుర్తించారు. ప్రధానంగా గుండెలోనే తయారవుతుందని తరువాత తేలినా ఆ పేరే ఉండిపోయింది. కాబట్టి పేరు చూసి ఇది మెదడు పరీక్ష అనుకోరాదు. కాలిఫోర్నియాలోని రాంచో బెర్నార్డో అధ్యయనంలో ఈ సూచిక ఎక్కువగా ఉన్న వృద్ధులు కొన్ని గ్రహణశక్తి పరీక్షల్లో వెనుకబడ్డారు. ఇది సహసంబంధం మాత్రమే, కారణాన్ని నిరూపించదు.

ఈ తేడా మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మరీ ముఖ్యం. కవిటి, సోంపేట, కంచిలి వంటి మండలాల్లో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి చాలా కుటుంబాలను పీడిస్తోంది. సోంపేట దగ్గర 60 ఏళ్ళ జీడితోట రైతు ఒకరున్నారనుకుందాం. గుండె జబ్బు ఉంది, ఈమధ్య మందులు వేసుకోవడం మరచిపోతున్నాడు, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ బాగా పెరిగింది. గుండె వల్లే మతి తప్పుతోందని తేల్చేయవచ్చా? తొందరపడకూడదు. ఈ పదార్థాన్ని రక్తం నుంచి తొలగించడంలో మూత్రపిండాలకు పెద్ద పాత్ర ఉంది. అవి దెబ్బతింటే గుండె పరిస్థితి మారకపోయినా అంకె పెరుగుతుంది. పైగా మూత్రపిండాల వ్యాధి, దానితో వచ్చే రక్తహీనత, అధిక రక్తపోటు మెదడును కూడా దెబ్బతీయగలవు. అంటే పెరిగిన అంకెకూ మతిమరుపుకూ వెనుక ఒకే మూడో కారణం ఉండవచ్చు. క్రియాటినిన్ చూడకుండా ఈ రిపోర్టు చదవడం సగం చదవడమే.

గ్రహణశక్తిని కొలిచే పరీక్షలోనూ ఒక చిక్కుంది. బడికి వెళ్ళని మనిషికి రాత పరీక్ష పెట్టి మార్కులు తగ్గాయంటే అర్థం లేదు. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం ఆడెన్‌బ్రూక్ పరీక్షను తెలుగుకు అనుగుణంగా మలిచి వాడింది. మన రైతు విషయంలో అలాంటి పరీక్షతో పాటు క్రియాటినిన్, హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12 కూడా చూడాలి. వీటిలో బయటపడే లోపాల్లో కొన్నింటికి సులభమైన చికిత్స ఉంది.