మీ డేటా ధర నాలుగు పైసలు, పోతే పది వేలు

మీ పేరు, ఫోన్ నంబర్, ఊరు, ఉద్యోగం, జీతం. ఇవన్నీ కలిపి దొంగ మార్కెట్‌లో ఎంత పలుకుతాయో తెలుసా? నాలుగు పైసలు.

ఇది గాలిలోంచి తీసిన లెక్క కాదు. 2023 మార్చిలో సైబరాబాద్ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. వాళ్ల దగ్గర 16.8 కోట్ల మంది వివరాలు దొరికాయి. అందులో రెండున్నర లక్షల మంది రక్షణ శాఖ వాళ్లు కూడా ఉన్నారు. 50 వేల మంది వివరాలను రెండు వేల రూపాయలకే అమ్మేవాళ్లని పోలీసులు అప్పట్లో చెప్పారు. భాగించి చూస్తే మనిషికి నాలుగు పైసలు. ఆ కేసు వేడి తగ్గకముందే అదే పోలీసులకు ఫరీదాబాద్‌లో ఇంకొకడు దొరికాడు. వాడి దగ్గర మనుషులవీ సంస్థలవీ కలిపి 66.9 కోట్ల వివరాలు!

రేటు ఇంత తక్కువ ఎందుకో మా మార్కాపురం వైపు మిర్చి రైతులకు చెప్పక్కర్లేదు. గుంటూరు యార్డుకు పోయిన టిక్కీలన్నిటికీ ఒకే ధర రాదు. ఎర్రగా నిగనిగలాడే కాయకు ఒకటి, కోల్డ్ స్టోరేజీ సరుక్కి ఒకటి, తాలుకు ఇంకొకటి. డేటా కూడా అంతే. ఉత్త ఫోన్ నంబర్ తాలు కాయ. దానికి పుట్టినతేదీ, బ్యాంకు పేరు తోడైతే గ్రేడు మారుతుంది. నిన్న లోన్ కోసం అప్లై చేసినవాడి నంబరైతే తాజా సరుకు. లీకైన పాస్‌వర్డ్‌ను మనం మార్చేసిన రోజే దాని విలువ సున్నా. వేలిముద్రను మాత్రం మార్చలేం.

ఒక్కోసారి సరుకు ఉచితంగానే దొరుకుతుంది. 2018 జనవరిలో ‘ది ట్రిబ్యూన్’ విలేకరి 500 రూపాయలు కట్టి, పది నిమిషాల్లో ఒక లాగిన్ సంపాదించారు. అందులో ఆధార్ నంబర్ కొడితే చాలు, పేరు, అడ్రస్, ఫొటో వచ్చేవి. బయోమెట్రిక్స్ మాత్రం భద్రమేనని యూఐడీఏఐ చెప్పింది. అదే ఏడాది ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో ఆ 500 కూడా అక్కర్లేకపోయింది. ఏపీ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో 1.3 లక్షల మందికి పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు, కులం, మతం అన్నీ బహిరంగంగా ఉన్నాయని పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. ఫలానా మతంవాళ్లు ఎవరెవరని వెతికినా లిస్టు వచ్చేది. దీనికి ధర ఎవరు కడతారు?

ఇక్కడే అసలు తిరకాసు. అమ్మేవాడి రేటు వేరు, మన నష్టం వేరు. ఇంటి తాళంచెవి కాపీ చేయించడానికి యాభై రూపాయలు చాలు. అందుకని ఇంట్లో సామాను విలువ యాభై అనగలమా?

కంపెనీలకు వాళ్ల లెక్క వాళ్లకుంది. ఐబీఎం ఏటా వేసే అంచనా ప్రకారం 2024లో భారత్‌లో ఒక్కో డేటా లీక్ వల్ల సంస్థకు పడిన ఖర్చు సగటున 19.5 కోట్లు. కనిపెట్టే ఖర్చు, పోయిన వ్యాపారం లాంటివన్నీ అందులో ఉంటాయి. మనకు పోయినవి ఉండవు.

మన లెక్క తేలాలంటే 2022 నాటి కేసు చూడాలి. ఇదీ సైబరాబాద్ పోలీసులు పట్టుకున్నదే. ఏపీ రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్ నుంచి దస్తావేజులు దించుకుని, వాటిమీది వేలిముద్రలకు నకళ్లు చేసి, ఆధార్‌తో డబ్బు తీసే ఏఈపీఎస్ ద్వారా 149 మంది ఖాతాల నుంచి 14.6 లక్షలు లాగేశారు. తలకు దాదాపు 9,800. ఏఈపీఎస్‌లో ఒక్కసారికి తీయగలిగే గరిష్ఠం పది వేలు కాబట్టి, ఆ అంకె నాకేమీ ఆశ్చర్యంగా లేదు.

ఇప్పుడు దీన్ని మన వైపు తెద్దాం. గిద్దలూరులోనో మార్కాపురంలోనో పొలం రాయించుకున్న ప్రతి మనిషీ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్ర వేసినవాడే. లీకైన వెయ్యి మందిలో ఒక్కరికే పది వేలు పోయాయనుకుందాం. సగటున మనిషికి పది రూపాయలు. నాలుగు పైసలకు అది 250 రెట్లు. కానీ సగటు అనేది ఎక్సెల్ షీట్‌లో బాగుంటుంది. 999 మందికి ఏమీ కాదు, ఒక్కరికి మొత్తం పోతుంది. ఉపాధి హామీ కూలి 2025-26లో మన రాష్ట్రంలో రోజుకు 307 రూపాయలు. అంటే పది వేలు 33 రోజుల ఎండ. బ్యాంకు చుట్టూ తిరిగిన ప్రతి రోజూ ఇంకో కూలి, బస్సు చార్జీ అదనం.

మరి పోయినది ఎవరిస్తారు? అమెరికాలో 2017లో ఈక్విఫాక్స్ నుంచి 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. పరిహారంగా 125 డాలర్ల వరకు నగదు అన్నారు. తీరా అందుకోసం పక్కన పెట్టింది 3.1 కోట్ల డాలర్లే. పూర్తిగా ఇస్తే 2.48 లక్షల మందికి సరిపోతుందంతే. మన దగ్గర ఆ మాత్రం కూడా లేదు. 2023 డేటా రక్షణ చట్టంలో కంపెనీకి 250 కోట్ల వరకు జరిమానా ఉంది. ఆ డబ్బు ప్రభుత్వ ఖజానాకే పోతుంది. బాధితులు పరిహారం అడగడానికి ఐటీ చట్టంలో ఉన్న 43ఏ సెక్షన్‌ను తీసేయాలని కూడా ఈ చట్టమే రాసుకుంది. తప్పుడు ఫిర్యాదు చేస్తే మాత్రం మనకు పది వేల వరకు జరిమానా! నాకైతే ఇది తలకిందుల బేరంలా ఉంది.

ఉన్న దారి ఒకటి. 2017 జులైలో ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశం ప్రకారం, తప్పు మనదీ బ్యాంకుదీ కాకుండా మధ్యలో ఎక్కడో జరిగి ఉంటే, బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే మన బాధ్యత సున్నా. బ్యాంకుతోపాటు 1930కి కూడా కాల్ చేయండి. సమస్యల్లా ఆ మెసేజ్ చదివేవాళ్లు ఇంట్లో ఉండటం. మా వైపు ఎన్నో ఇళ్లలో పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో, పెద్దవాళ్లు కీప్యాడ్ ఫోన్‌తో ఊళ్లో.

అందుకే మొన్న ఊరెళ్లినప్పుడు అమ్మ ఆధార్‌కు బయోమెట్రిక్ లాక్ పెట్టాను. ఎంఆధార్ యాప్‌లో రెండు నిమిషాల పని. డబ్బు తీయాల్సి వస్తే ఓటీపీతో పది నిమిషాలపాటు తెరుచుకుంటుంది. పక్కింటి అవ్వకు కూడా పెడదామని వెళ్లాను. “నా ఏలు పన్జేయకపోతే డబ్బులెట్టా తీసుకునేది నాయనా? నువ్వేమో బెంగుళూర్లో ఉంటివి” అంది. ఉపాధి డబ్బులు ఆమె వేలితోనే తీసుకుంటుంది. ఓటీపీ వచ్చే ఫోన్ కొడుకు దగ్గర హైదరాబాద్‌లో ఉంది. లాక్ పెట్టకుండానే వచ్చేశాను.