నీలం లేని సముద్రం

సముద్రం బొమ్మంటే నీలిరంగు ఉండి తీరాలనుకునేవాణ్ణి, ‘ది ఎండ్‌లెస్ సమ్మర్’ సినిమా పోస్టర్ చూసేదాకా. పసుపుపచ్చ సూర్యుడు, నారింజ ఆకాశం, కింద కళ్ళు జిగేల్మనిపించే గులాబీ. ముగ్గురు మనుషులు నల్లటి నీడల్లా నిలబడి ఉంటారు. ముందున్నవాడి నెత్తిమీద సర్ఫింగ్ పలక.

కెరటం మీద పలకెక్కి జారే ఆటే సర్ఫింగ్. ఇద్దరు కుర్రాళ్ళు, మైక్ హిన్సన్, రాబర్ట్ ఆగస్ట్, మంచి కెరటాల కోసం వేసవి వెంటబడి ప్రపంచం చుట్టిరావడమే కథ. తీసింది బ్రూస్ బ్రౌన్. అమెరికా అంతటా 1966లో ఆడింది. పోస్టర్ వేసిన జాన్ వాన్ హామర్స్‌వెల్డ్ అప్పటికి లాస్ ఏంజెలెస్‌లో ఆర్టు విద్యార్థి. మనలాంటివాడేనన్నమాట!

అతను చేసిన పని చూడండి. కాలిఫోర్నియాలోని సాల్ట్ క్రీక్ తీరంలో తీసిన ఫోటో ఒకటి పట్టుకుని, వెలుగుకీ చీకటికీ మధ్యనున్న ఛాయలన్నీ తీసిపారేశాడు. మిగిలింది ఉత్త నలుపు. దాని వెనక ఒక్కో రంగునీ చదునుగా పరిచాడు. దాంతో ముఖాలు పోయాయి. ముందున్న నీడ బ్రౌన్‌దే అయినా, చూసేవాడు అక్కడ తననే నిలబెట్టుకోవచ్చు. జన్మలో పలకెక్కనివాడికి కూడా ఆ వేసవి తనదేననిపించే కిటుకు ఇదే. ఇవాళ టీషర్టుల మీద కనిపించే ‘పాతకాలపు బీచి’ బొమ్మలు చాలావరకు దీని పిల్లలేనంటాను.

అయితే ఒకటి గుచ్చుకుంటుంది నాకు. ఈ విద్య కాలిఫోర్నియాకు వచ్చింది హవాయి దీవులనుంచి. 1912 ఒలింపిక్స్ ఈతలో స్వర్ణం గెలిచిన హవాయివాడు డ్యూక్ కహనమోకు 1914-15లో ఆస్ట్రేలియావాళ్ళకు సర్ఫింగ్ చేసి చూపించాడు. బ్రౌన్ ముఖం బొమ్మలోకొచ్చాక చెరిగింది. ఆ దీవులవాళ్ళ ముఖాలు అసలు రానేలేదు.

న్యూయార్కు మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌వాళ్ళు ఈ పోస్టర్‌ను దాచుకున్నారు. నా గదిలో మాత్రం దీని పక్కనే డ్యూక్ ఫోటో ఉంటుంది.